మా ఆయన రోజూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లి చూసొస్తున్నారు, ఇది ఓసీడీయేనా?

కంకిపాడు_కోడలు
జూన్ 3, రాత్రి 11:48

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

మా ఆయనకి 34. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు. మేముండేది కంకిపాడు. బందరు రోడ్డులో ఎంత ట్రాఫిక్ ఉన్నా బండి మీద ముప్పావు గంట. ఏడాది నుంచి ఇంటికి రావడానికి రెండు, రెండున్నర గంటలు పడుతోంది. మొదట్లో నాకు వేరే అనుమానాలు వచ్చాయి, దాపరికం ఎందుకు. ఒకరోజు కూర్చోబెట్టి గట్టిగా అడిగితే ఏడ్చేశారు.

బండి గుంతలో పడినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా ఎవరినో గుద్దేశాననిపిస్తుందట. ఆగి వెనక్కి చూస్తారు. ఎవరూ ఉండరు. కాస్త ముందుకొచ్చాక, పక్కన తుప్పల్లో పడిపోయారేమో, నేను సరిగ్గా చూడలేదేమో అని మళ్లీ వెనక్కి. పోరంకిలో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, అక్కడే ఐదారుసార్లు తిరుగుతారు. అక్కడి టీ బండి అతను ఒకరోజు "రోజూ ఏం పోగొట్టుకుంటారు సార్ ఇక్కడ?" అని అడిగాడట.

ఇంటికొచ్చాకైనా అయిపోదు. టార్చి పట్టుకుని ముందు చక్రం, మడ్‌గార్డు చూడాలి. తడి రుమాలుతో తుడిచి రక్తం మరక ఉందేమోనని లైటు కింద పెట్టి చూస్తారు. ఫోన్‌లో మడ్‌గార్డు ఫొటోలే పదకొండు వందలున్నాయి. మా పాప పుట్టినరోజు ఫొటోలు వాటి మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయాయి. ఇక నన్ను అడగడం మొదలవుతుంది. "ఏం కాలేదు కదా? నువ్వు చెప్పు." ఏం కాలేదండీ అంటాను. పది నిమిషాలకి మళ్లీ. ఒకరాత్రి లెక్కపెట్టాను, 43 సార్లు. పొద్దున లేవగానే పేపర్లో జిల్లా పేజీ తీసి ప్రమాదాల వార్తలు వెతుకుతారు. రెండుసార్లయితే రాత్రి పదకొండింటికి నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోరంకి దాకా తీసుకెళ్లారు, సాక్ష్యానికి.

చేతులు కడగడం, ఇల్లు తుడవడం లాంటివేం లేవు. ఆయన బీరువా తెరిస్తే బట్టలన్నీ మీద పడతాయి. అందుకే నాకు ఓసీడీ అన్న ఆలోచనే రాలేదు. వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటికోసం అదే పని మళ్లీ మళ్లీ చేయడం ఓసీడీ అని ఏదో వీడియోలో విని అడుగుతున్నాను. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాలు మాట్లాడి, టెన్షన్ ఎక్కువైందని నిద్రమాత్రలు రాశారు. రెండు నెలలు వాడాం. నిద్ర బాగా పడుతోంది, లేచాక మళ్లీ అదే. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. ఏం చెయ్యాలో తెలీడం లేదు.


ఉప్పుచేప
జూన్ 4, ఉదయం 7:15

నాకూ ఓసీడీనే అక్కా. డెస్కు మీద పెన్ను వంకరగా ఉంటే తట్టుకోలేను :-)


వాసంతి_హన్మకొండ
జూన్ 4, ఉదయం 8:02

ఉప్పుచేప తమ్ముడూ, పెన్ను సరిగ్గా పెట్టినంక నీ పని నువ్వు చేసుకుంటవు కదా? మనసుకు హాయిగ ఉంటది కదా? దాన్ని ఇష్టం అంటరు. నేను పదకొండేళ్లు ఓసీడీతో ఉన్న. ఒక్కరోజు గూడ హాయి లేదు. ఆ అక్క రాత్రి పన్నెండింటికి కూసొని రాసింది, జోకులు వద్దు.

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా పాత డైరీ చదివినట్టే ఉంది. నాది బండి కాదు, గుడి. ఇంటర్ల ఉన్నప్పుడు వేయిస్తంభాల గుళ్లె దండం పెట్టుకుంటుంటే మనసుల ఒక బూతుమాట వచ్చింది, దేవుని మీద. ఎందుకొచ్చిందో తెలీదు. ఆ మాట పోవాలంటే శివనామం పదకొండుసార్లు అనాలె అనిపించింది. అన్న. మధ్యల మళ్ల ఆ మాట వస్తే లెక్క పోయినట్టే, మొదటి నుంచి. పదకొండు పోయి నూటపదకొండు అయింది. పైకి ఏం కనపడదు, నోరు గూడ కదలదు. క్లాసుల కూసొని సారు చెప్పేది వింటున్నట్టే ఉండేదాన్ని, లోపల లెక్క నడుస్తుండేది. మా అమ్మ మాత్రం బిడ్డకు భక్తి ఎక్కువైందని అందరికీ గొప్పగ చెప్పుకునేది.

పని ఏదైనా లోపల నడిచేది ఒక్కటే. ముందు ఒక పాడు ఆలోచన, దానికి గుండె దడ, ఆ దడ తగ్గనీకి ఒక పని. చేసినంక ఐదు నిమిషాలు నిమ్మళం. మళ్ల మొదలు. గజ్జి గోక్కున్నట్టే అనుకోండి, గోకినకొద్దీ ఎక్కువైతది.

డాక్టర్ తమ్ముడు వచ్చి వివరంగ చెప్తడు, ట్యాగ్ చేస్తున్న.


రిటైర్డ్_లెక్కలమాస్టారు
జూన్ 4, ఉదయం 10:40

అమ్మాయీ, గాలీ ధూళీ ఏమీ కాదు. కానీ మీ అత్తగారిని తప్పుపట్టవద్దు. మా ఇంట్లో మేమూ ముప్పై ఏళ్లు అలాగే పొరబడ్డాం.

మా మేనత్త బాలవితంతువు. మడి కట్టుకునేది. ఆ రోజుల్లో మడి అందరిళ్లలోనూ ఉండేదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. కొంచెం కొంచెంగా పెరిగింది. చింతపండు కడగడం, బెల్లం కడగడం, కొట్టువాడిచ్చిన చిల్లర పసుపునీళ్లలో వెయ్యడం వరకు సరే. చివరికి ఉప్పు కడిగేది. రాళ్ల ఉప్పు, చేటలో పోసి, చెంబుతో నీళ్లు పోసి. కడిగాక చేటలో ఎంత మిగిలేదో మీరే ఊహించుకోండి. మళ్లీ ఉప్పు తెప్పించేది. పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఆవిడ నవ్వేది కాదు. "నాకు తెలుసురా ఇది పిచ్చిపని అని, మానలేకపోతున్నాను" అని ఒకే ఒక్కసారి నాతో అంది. పుష్యమాసం చలిలో తెల్లవారుజాము నుంచి పదింటిదాకా నూతి దగ్గరే ఉండేది. అరిచేతులు చీలి నెత్తురొచ్చేవి. న్యుమోనియా వచ్చి పోయింది. చాదస్తంతో పోయిందన్నారు.

మడికీ జబ్బుకీ తేడా ఏమిటని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. మడి కట్టుకున్న మా అమ్మకి వంట అయ్యాక మడి అయిపోయేది. మా మేనత్తకి అయిపోయేది కాదు.


డా_నైట్‌డ్యూటీ
జూన్ 4, రాత్రి 9:25

డ్యూటీలో ఉండి ఇప్పుడే చూశాను. నేను సైకియాట్రీ పీజీని. మాస్టారూ, మీ చివరి మాట మా పాఠ్యపుస్తకం నిర్వచనం కంటే బాగుంది, వాడుకుంటాను.

కంకిపాడు అక్కా, మనిషిని చూడకుండా ఇక్కడ కూర్చుని జబ్బు ఖాయం చేయకూడదు. కానీ మీరు చెప్పింది మేము తరచూ వినేదే. రోడ్డు మీద ఎవరినో గుద్దేశానన్న ఈ భయం ఓసీడీలో బాగా తెలిసిన రకం, దీన్ని హిట్ అండ్ రన్ ఓసీడీ అని కూడా అంటారు. శుభ్రత అనేది ఓసీడీలో ఒక గది మాత్రమే. తాళాలు, గ్యాసు చూసుకోవడం ఇంకోటి. అన్నీ సమంగా ఉండాలనడం, దేవుడి మీద పాడు ఆలోచనలు, సొంతవాళ్లనే ఏమైనా చేసేస్తానేమోనన్న భయం, చెప్పుకోలేని లైంగికమైన ఆలోచనలు, ఇవన్నీ అందులోవే. మనుషులు కడుగుడు గురించి త్వరగానే వచ్చి చెప్తారు. మిగతావి దాచుకుంటారు, ఏళ్ల తరబడి.

మేము ముందు రెండు మూడు విషయాలు చూస్తాం. రోజులో గంటకి పైగా ఇవి తినేస్తున్నాయా? ఉద్యోగం, ఇల్లు దెబ్బతింటున్నాయా? ఇది అర్థంలేని భయమని మనిషికి ఏదో మూల తెలుసా? మీవారికి తెలుసు, అందుకే ఏడ్చారు. తెలిసీ ఆపలేకపోవడమే ఇందులో నరకం. కొందరికి ఆ తెలివిడి తక్కువగా ఉంటుంది, అంతమాత్రాన అది ఓసీడీ కాకపోదు. తీవ్రత కొలవడానికి వై-బాక్స్ అని పది ప్రశ్నల స్కేలు ఉంది, మొత్తం 40 మార్కులు. 16 నుంచి 23 మధ్యస్థం, 24, ఆపైన తీవ్రం. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 0.8 శాతం మందికి ఓసీడీ కనిపించింది. అంటే మీరు ఎక్కిన పల్లెవెలుగు బస్సుల్లో రెండు బస్సులకి ఒకరనుకోండి.

నిద్రమాత్రల గురించి: అవి ఆందోళనని కాసేపు మొద్దుబారుస్తాయి, ఓసీడీ మూలాన్ని తాకవు. దీనికి వైద్యం రెండు రకాలు, ఒకటి మందు, ఇంకోటి ఈఆర్‌పీ అనే థెరపీ, అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ, ఆ భయం తగ్గించుకునే పనిని ఆపుకోవడం. కొందరికి ఒకటి సరిపోతుంది, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి ఇస్తాం.

మందులంటే ఎస్ఎస్ఆర్ఐలు. ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. డిప్రెషన్‌కి ఇచ్చేవే, కానీ ఓసీడీకి సాధారణంగా ఎక్కువ మోతాదు కావాలి, ఎక్కువ కాలం ఆగాలి. పూర్తి మోతాదులో 8 నుంచి 12 వారాలు చూడకుండా పనిచేయలేదని తేల్చకూడదు. మూడో వారంలో మానేసి "మందు పడలేదండీ" అని వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. మొదటి రెండు వారాలు వికారం, కడుపులో తిప్పడం, కాస్త కంగారు ఎక్కువవడం ఉండొచ్చు. దాంపత్యంలో ఇబ్బంది రావచ్చు, సిగ్గుపడి మందు మానేయకుండా డాక్టరుకి చెప్పాలి. 25 లోపు వయసువాళ్లని మొదట్లో ఇంకాస్త దగ్గరగా గమనిస్తాం. మోతాదు ఇక్కడ రాయను, ఎవరూ అడగొద్దు.

ఈఆర్‌పీ గురించి వాసంతి అక్క నాకంటే బాగా చెప్తుంది, చేయించుకున్న మనిషి కాబట్టి.

ఇంకొక్క మాట. బాధనిపించినా చెప్పాలి. మీరు రోజుకి 43 సార్లు "ఏం కాలేదు" అంటున్నారు చూడండి, జబ్బు దృష్టిలో అది కూడా వెనక్కి తిరిగి చూడటమే. ఆయన బండి వెనక్కి తిప్పుతున్నారు, మీరు మాటతో తిప్పుతున్నారు.


కంకిపాడు_కోడలు
జూన్ 4, రాత్రి 11:10

డాక్టర్ గారూ, చివరి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ధైర్యం చెప్పకపోతే భార్యగా నేనింకేం చెయ్యాలి? ఆయన మొహం అలా ఉంటే చూస్తూ ఊరుకోవాలా?


మహిమాన్విత_పీఠం
జూన్ 5, ఉదయం 6:00

సర్వ దోష నివారణ. అనుమానపు జబ్బు, భ్రమలు 21 రోజుల్లో మాయం. తాయెత్తు పోస్టులో పంపబడును. [నంబరు తొలగించబడింది]


మోడరేటర్
జూన్ 5, ఉదయం 6:20

నంబరు తీసేశాను, ఖాతా కూడా తీసేశాను. చర్చ కొనసాగించండి.


చేదుమాత్ర
జూన్ 5, ఉదయం 9:33

నా మాట ఎవరికీ నచ్చదని తెలుసు. మా బాబాయికి ఇలాంటి మందులే ఇచ్చారు, ఆరేళ్లు వాడి లావెక్కి మొద్దులా తయారయ్యాడు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే. యోగా, ప్రాణాయామం చేయించండి, మనసు గట్టిపడుతుంది. మనోబలం లేకే ఇవన్నీ.


వాసంతి_హన్మకొండ
జూన్ 5, ఉదయం 10:05

మనోబలం లేకనా? పదకొండేళ్లు లోపల అంత లెక్క నడుపుకుంట డిగ్రీ పాసైన, ఉద్యోగం చేసిన. మీరు ఒక్కరోజు చేసి చూపించుండ్రి అన్నా.


డా_నైట్‌డ్యూటీ
జూన్ 5, మధ్యాహ్నం 2:15

చేదుమాత్ర గారూ, మీ బాబాయిగారికి ఏ మందు ఇచ్చారో, ఏ జబ్బుకో తెలియకుండా నేనేమీ అనను. ఎస్ఎస్ఆర్ఐలు నిద్రమాత్రల్లా అలవాటుపడే మందులు కావు. కానీ ఒక్కసారిగా మానేస్తే తలతిప్పడం, చికాకు, ఒళ్లంతా షాకు కొట్టినట్టుండటం జరుగుతాయి. అందుకే నెలల మీద మెల్లగా తగ్గిస్తాం. బాగయ్యాక ఏడాది, రెండేళ్లు కొనసాగించి తర్వాత ఆపి చూస్తాం. కొందరికి ఆపాక మళ్లీ వస్తుంది, వాళ్లు ఎక్కువకాలం వాడతారు. బీపీ మాత్ర వాడేవాళ్లని మనోబలం లేదని ఎవరూ అనరు కదా.

మొదటి మందుతో అందరికీ తగ్గదన్నది మాత్రం నిజం. అప్పుడు ఇంకోటి మారుస్తాం. క్లోమిప్రమిన్ అనే పాత మందు ఉంది, ఓసీడీకి గట్టిగా పనిచేస్తుంది, కానీ నోరెండటం, మలబద్ధకం లాంటివి ఎక్కువ, ఈసీజీ చూసుకుంటూ ఇవ్వాలి. అవసరమైతే మతిభ్రమ జబ్బులకి వాడే రిస్పెరిడోన్ లాంటిది చిన్న మోతాదులో తోడు చేస్తాం. నెట్‌లో ఆ పేరు వెతికి "నాకు పిచ్చని రాశారు" అని పేషెంట్లు కంగారుపడి ఫోన్ చేస్తుంటారు. కాదు.

యోగా మంచిదే, చేయండి. కానీ ఓసీడీ ఉన్నవాళ్లలో కొందరు ప్రాణాయామాన్ని కూడా ఒక కంపల్షన్‌గా, అంటే చేయక తప్పదనిపించే పనిగా మార్చుకుంటారు. లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లని చూశాను.

అక్కా, మీ ప్రశ్నకి: ఊరుకోమని కాదు. కానీ ఈ రాత్రి నుంచే హఠాత్తుగా మానేయొద్దు, అది ఆయనకి శిక్షలా ఉంటుంది. ముందు వైద్యం మొదలవ్వాలి. తర్వాత ఆయనా, మీరూ, థెరపిస్టూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి.


పేరు_వద్దు_77
జూన్ 6, రాత్రి 1:40

ఈ చర్చ చూసి కొత్త ఐడీతో రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

బాబు పుట్టిన మూడో వారం. మా అమ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. బాబు నా ఒళ్లో ఉన్నాడు. ఉన్నట్టుండి కళ్ల ముందు ఒక బొమ్మ కనపడింది, ఆ కత్తిపీటా, వాడూ. రాయలేను. ఒళ్లంతా చెమటలు. అప్పట్నుంచి వంటింట్లోకి వెళ్లడం మానేశాను. కత్తిపీట అటక మీద పెట్టించాను, కూరలు తరిగినవే కొనిపించాను. బాబుకి నేను స్నానం చేయించలేదు. ఒంటరిగా వాడితో ఒక గదిలో ఉండలేదు. పాలివ్వడానికి కూడా అమ్మ పక్కనుండాలి. నేను తల్లినేనా అని ఏడుస్తూ ఉండేదాన్ని. చెప్తే బాబుని నా దగ్గర్నుంచి తీసుకెళ్లిపోతారని భయం. ఐదు నెలలు.

చివరికి టీకాకి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరమ్మే కనిపెట్టి అడిగింది. సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. ఆయన మొత్తం విని, "అమ్మా, ఆ ఆలోచనకి నువ్వింత వణికిపోతున్నావంటే అది నీ కోరిక కాదు, నీ భయం" అన్నారు. ఓసీడీ అని ఒకటుందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు బాబుకి మూడేళ్లు. నిన్న వాడు పక్కన కూర్చుని చూస్తుంటే అదే కత్తిపీట మీద వంకాయలు తరిగాను.


డా_నైట్‌డ్యూటీ
జూన్ 6, ఉదయం 7:50

రాసినందుకు థాంక్స్ అండీ. చదివే బాలింతల కోసం ఒకటి చేరుస్తాను. ఇలా భయపెట్టే ఆలోచనలు వచ్చి, వాటికి హడలిపోయి, బిడ్డకి దూరంగా ఉండేది ఓసీడీ. కానీ తల్లి నిద్రలేకుండా తిరుగుతూ, ఎవరో చెవిలో చెప్తున్నారనో, బిడ్డలో దయ్యం ఉందనో నమ్మి, ఆ ఆలోచన సరైనదేనని అనుకుంటుంటే అది వేరే జబ్బు, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. అది ఎమర్జెన్సీ. రేపటిదాకా ఆగకూడదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాలిచ్చే తల్లులకి వాడదగ్గ మందులున్నాయి, అందుకని వైద్యం వాయిదా వేసుకోకండి.


ఉప్పుచేప
జూన్ 6, ఉదయం 9:12

అందరికీ సారీ. ఇకనుంచి ఆ మాట జోక్‌గా వాడను. కంకిపాడు అక్కా, ప్రత్యేకంగా మీకు.


వాసంతి_హన్మకొండ
జూన్ 6, రాత్రి 8:30

ఈఆర్‌పీ గురించి నేను చెప్తనని డాక్టర్ తమ్ముడు అన్నడు కదా. మందు నాలుగు నెలలు వాడినంక సగం తగ్గింది, అప్పుడు మొదలుపెట్టిండ్రు.

మొదటిరోజు మేడం ఒక కాగితం ఇచ్చి నిచ్చెన గీయమన్నది. ఏ పనికి ఎంత భయమో 100కి మార్కులు వేసి, తక్కువది కింది మెట్టు, ఎక్కువది పై మెట్టు. నా కింది మెట్టు 25, దేవుని క్యాలెండరు దిక్కు చూసుకుంట చాయ్ తాగుడు. పై మెట్టు 100, గుళ్లె గర్భగుడి ముందు నిలబడి, ఆ పాడుమాట వస్తే రానిచ్చి, లెక్కపెట్టకుండ బయటికి వచ్చుడు. చదువుతుంటే నవ్వొస్తది. నాకు ఆరోజు చచ్చిపోయినట్టే అయింది.

రూల్ ఒక్కటే. భయం వచ్చే పని చెయ్యాలె, భయం తగ్గించుకునే పని చెయ్యొద్దు. చాయ్ తాగిన. మాట వచ్చింది. లెక్క పెట్టాలె అని నాలుక గుంజుతుంది. మేడం పక్కన కూసొని ప్రతి ఐదు నిమిషాలకు "ఇప్పుడెంత?" అని అడుగుతుంది. 70. 75. 75. 60. నలభై నిమిషాలకు 30. ఏం చెయ్యకుండనే తగ్గింది! పదకొండేళ్లల్ల నాకు ఆ సంగతే తెల్వదు, ఎప్పుడూ తగ్గేదాక ఆగలేదు కదా. కొన్ని రోజులైతే అసలు తగ్గలేదు, 70 మీదనే ఇంటికి పోయిన. పర్వాలేదు, 70తోని గూడ వంట చేసుకోవచ్చు, బస్ ఎక్కొచ్చు, అది నేర్చుకునుడు గూడ ఇందులోదే అన్నది మేడం.

16 సెషన్లు. ఇంట్ల రోజూ హోంవర్కు. గర్భగుడి మెట్టు పదమూడో సెషన్ల ఎక్కిన.

మాట ఇప్పటికీ వస్తది అప్పుడప్పుడు. వస్తే రానీ. బజార్ల మైకు మోగుతుంటే మనం కూరగాయలు బేరం చేస్తలేమా, అట్ల.


రిటైర్డ్_లెక్కలమాస్టారు
జూన్ 6, రాత్రి 9:48

వాసంతమ్మా, నువ్వు చెప్పిన పద్ధతి గురించి కుతూహలం పుట్టి చదివాను. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగుల మీద మొదటిసారి ఇలా చేసి చూపించాడట. అంతకుముందు దీన్ని తగ్గేది కాదనే అనుకునేవారు. 1966కి మా మేనత్త బతికే ఉంది.


డాలస్_నుంచి
జూన్ 7, ఉదయం 5:20

చిన్న సలహా. థెరపీకి వెళ్లేటప్పుడు ముందే "మీరు ఈఆర్‌పీ చేస్తారా?" అని నేరుగా అడగండి. నేనిక్కడ ఏడాదిపాటు ఒకరి దగ్గరికి వెళ్లాను. చాలా మంచి మనిషి, నా చిన్నతనం అంతా అడిగి తెలుసుకున్నారు. వారం వారం నా భయాలు విని, అలా ఏమీ జరగదులే అని ఓదార్చేవారు. అంటే నేను డబ్బులిచ్చి కంకిపాడు గారి పని చేయించుకున్నాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టుతో వీడియో కాల్‌లో తెలుగులోనే చేశాను. పాడు ఆలోచనలు మనకి తెలుగులో వస్తుంటే వాటిని ఇంగ్లిష్‌లో చెప్పుకుంటే సగం భయం దారిలోనే పోతుంది, ఎక్స్‌పోజర్, అంటే భయాన్ని ఎదుర్కోవడం, సరిగ్గా కుదరదు.


డా_నైట్‌డ్యూటీ
జూన్ 7, ఉదయం 8:10

పై పాయింటు చాలా ముఖ్యం. కంకిపాడు అక్కా, మీకు దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ ఓపీ ఉంటుంది. మిగతా ఊళ్లవాళ్లకి విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డ ఉన్నాయి. బాగా మొండికేసిన కేసులని బెంగళూరు నిమ్‌హాన్స్‌కి పంపుతాం, అక్కడ ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. మీవారు చచ్చిపోవాలనిపిస్తోందని ఎప్పుడైనా అన్నారా, అది కూడా నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే మాత్రం ఆరోజే చూపించండి.

ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా దీనికీ కవరేజీ ఇవ్వాలి. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి.


కంకిపాడు_కోడలు
జూన్ 19, రాత్రి 10:05

చూపించాం. రెండు గంటలు పట్టింది, మధ్యలో నన్ను బయటికి పంపి ఆయనతో ఒక్కరితో మాట్లాడారు. వై-బాక్స్ 27 వచ్చింది. సెర్ట్రలిన్ మొదలుపెట్టారు, నిద్రమాత్ర మెల్లగా తగ్గించమన్నారు. నాలుగు రోజులు వాంతి వచ్చినట్టుందన్నారు, ఇప్పుడు లేదు. ఆయన ఒక మాటన్నారు దారిలో: "దీనికో పేరుందంటే, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్నమాట."

మా అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు. శనివారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించారు. చేయించనివ్వండి, మాత్ర వేసుకున్నాడా అని రోజూ అడిగేది కూడా ఆవిడే.


కంకిపాడు_కోడలు
సెప్టెంబరు 14, రాత్రి 9:30

మూడు నెలలైంది, రాస్తానని రాయలేదు. మందు పెంచారు రెండుసార్లు. మొదటి ఆరువారాలు నాకు తేడా ఏమీ కనపడలేదు, మానేద్దామన్నారు కూడా. మీ 12 వారాల లెక్క చెప్పి ఆపాను. ఇప్పుడు స్కోరు 17.

ఈఆర్‌పీ ఏడు సెషన్లయ్యాయి. ఆయన నిచ్చెనలో కింది మెట్టు మడ్‌గార్డు ఫొటో తీయకుండా ఇంట్లోకి రావడం. పదకొండు వందల ఫొటోలూ ఆయన చేత్తోనే డిలీట్ చేయించారు. అరగంట పట్టింది, చెయ్యి వణికింది. జిల్లా పేజీ మానేశారు, పేపరు ఇప్పుడు నేనే ముందు తీసుకుంటున్నాను. పోరంకి స్పీడ్ బ్రేకర్ ఎక్కి, అద్దంలో చూడకుండా ఆగకుండా వచ్చేయడం పై నుంచి రెండో మెట్టు.

నా వంతు కూడా ఉంది. ఏం కాలేదు కదా అని అడిగితే నేను "నాకు తెలీదు" అనాలి. ముగ్గురం కలిసి రాసుకున్న కాగితం ఫ్రిజ్ మీద అంటించాం. మొదటిరోజు ఆ మాట నా నోట్లోంచి రాలేదు. వచ్చాక ఆయన చూసిన చూపు నేను మర్చిపోలేను. గదిలోకెళ్లి తలుపేసుకున్నారు. నేను బయట కూర్చుని పాపకి అన్నం తినిపిస్తూ ఏడ్చాను. ముప్పావు గంటకి ఆయనే తలుపు తీసుకుని వచ్చి పెరుగుందా అని అడిగారు.

మధ్యలో ఒకసారి బాగా వెనక్కి జారారు. మా వీధి చివర ఒకబ్బాయికి నిజంగానే యాక్సిడెంట్ అయింది. ఆ వారం మళ్లీ వెనక్కి తిరగడం మొదలైంది, నేనూ రెండుసార్లు ఏం కాలేదని అనేశాను. థెరపిస్టు తిట్టలేదు. మళ్లీ కింద నుంచి రెండు మెట్లు ఎక్కించారు.

మొన్న శుక్రవారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నారు. పోరంకిలో బండి దడేల్‌మంది. ఆగలేదు. పెనమలూరు దాటాక, ఏదో తగిలినట్టుంది కదా అన్నారు. నాకు తెలీదండీ అన్నాను. "ఈ మాట మాత్రం బాగా నేర్చుకున్నావు" అన్నారు, నవ్వారో విసుక్కున్నారో హెల్మెట్ లోంచి తెలీలేదు. ఇంటికి యాభై నిమిషాల్లో వచ్చాం.


డా_నైట్‌డ్యూటీ
సెప్టెంబరు 15, ఉదయం 6:40

27 నుంచి 17. చాలా బాగుంది అక్కా. మందు మాత్రం బాగుందని మానేయొద్దు, ఇప్పుడే అసలు మానకూడనిది.


కొత్త_సభ్యుడు_భీమవరం
సెప్టెంబరు 16, రాత్రి 10:22

ఈ చర్చ మొత్తం చదివాను. మా నాన్నకి 61. గ్యాసు, తలుపు గడియ, మోటారు స్విచ్చి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. రిటైరయ్యాక బాగా ఎక్కువైంది. రాత్రి పడుకోవడానికి ఒంటిగంట అవుతోంది. అమ్మ పోయాక ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. డాక్టరు అంటే కోప్పడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?


కంకిపాడు_కోడలు
సెప్టెంబరు 16, రాత్రి 10:51

తమ్ముడూ, రాత్రికి ఎన్నిసార్లు అడుగుతారు? నువ్వు ఎన్నిసార్లు లేచి వెళ్లి చూసొస్తున్నావు? రెండూ ఒక వారం కాగితం మీద రాసి పెట్టుకో. డాక్టరు దగ్గర నాకు అదే పనికొచ్చింది.